బిడ్డతల్లి అద్దం చూసుకోవద్దా?

నాకు ఇరవై మూడవ ఏట మొదటి కాన్పు అయినది. ఆడపిల్ల. మూడు నెలలు పుట్టింట ఉండి, మార్కాపురంలోని అత్తవారింటికి తిరిగి వచ్చిన కొద్దిరోజులకే తల దువ్వుకుంటే దువ్వెన నిండా, స్నానం చేస్తే జాలారి నిండా వెంట్రుకలు రాలడం మొదలైనది. వారం రోజుల పాటు రాలిన జుట్టును కాగితంలో పొట్లం కట్టి, బిడ్డను ఒడిలో పెట్టుకొని, గిద్దలూరులోని మా పెదనాన్నగారి వద్దకు రైలులో వెళ్ళాను. ఆయన ఆయుర్వేద వైద్యులు. మా అమ్మకు అక్కగారి భర్త.

ఆయన పొట్లం విప్పలేదు. నాడి కూడా పట్టలేదు. నన్ను ఎగాదిగా చూసి, "ఈ చీర ఎన్నాళ్ళనుంచి కడుతున్నావు తల్లీ?" అని అడిగారు.

నాకు తెల్లబోవడం తప్ప జవాబు దొరకలేదు. అది వెలిసిపోయిన చీర. అటువంటివి మూడు ఉండేవి నాకు. వాటినే మార్చి మార్చి కడుతున్నాను. మిగిలినవన్నీ అటకమీది పెట్టెలో ఉన్నాయి. పాల మరకలు, పసిపిల్ల తడుపులు పడతాయని మా అత్తమ్మ భద్రం చేసింది. "బిడ్డతల్లివి, ఇంక నీకు సోకులెందుకమ్మా?" అన్నది. ఆ మాటలో ద్వేషం ఏమీ లేదు. ఆవిడకూ వాళ్ళ అత్తగారు అదే మాట అని ఉంటుంది. నేను కూడా నిజమే కాబోలు అనుకున్నాను.

"అద్దం చూసుకొని ఎన్నాళ్ళయింది?" అన్నది పెదనాన్నగారి రెండవ ప్రశ్న. దానికి మాత్రం నాకు ఏడుపు వచ్చినది.

ఈ వ్యాసం చదివే సోదరీమణులలో ఇరవై ఏళ్ళు దాటి, ముప్ఫై నిండకుండా, చంకలో బిడ్డతో ఉన్నవారు ఎందరో ఉంటారు. వారికోసమూ, వారి అత్తగార్ల కోసమూ ఆనాడు పెదనాన్నగారు చెప్పిన సంగతులు, తరువాత నేను స్వయంగా చదివి, ఆచరించి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

సౌమనస్యం అనే ఔషధం

పెదనాన్నగారు బీరువాలోనుంచి చరక సంహిత తీసి, సూత్రస్థానంలో ఐదవ అధ్యాయం తెరిచారు. ఆరోగ్యవంతుడు ప్రతిదినం ఆచరించవలసిన నియమాలు అందులో ఉన్నాయి. పళ్ళు తోముకోవడం, కంటికి అంజనం, తలకు నూనె, ఒంటికి అభ్యంగనం, వీటి వరుసలోనే నిర్మలమైన వస్త్రం ధరించడం, గంధమూ పూలమాలా ధరించడం, ఆభరణాలు పెట్టుకోవడం కూడా చరకుడు చేర్చినాడు. వీటివల్ల ఆయుష్షు, పుష్టి, హర్షం కలుగుతాయన్నాడు. అలంకరణ ఆయన దృష్టిలో విలాసం కాదు, దినచర్యలో ఒక భాగం. గంధమాల్యాల ఫలితాన్ని చెప్పేటప్పుడు ఆయన వాడిన మాట "సౌమనస్యం", అనగా మనసు ప్రసన్నంగా ఉండడం.

తరువాత సుశ్రుతం తీశారు. శారీరస్థానం పదవ అధ్యాయంలో తల్లిపాలు ఎందుకు తగ్గిపోతాయో చెబుతూ సుశ్రుతుడు కోపం, దుఃఖం, బిడ్డపై మమత కలగకపోవడం అనేవాటిని కారణాలుగా పేర్కొన్నాడు. పాలు వృద్ధి కావడానికి గోధుమలు, వరి అన్నం, వెల్లుల్లి, శతావరి ఇత్యాదులు చెప్పబోయే ముందు, మొట్టమొదట ఆమెకు సౌమనస్యం కలిగించమన్నాడు. అదే మాట! ఆహారం ఆ తరువాత. శతావరి ఆ తరువాత. (శతావరి అంటే మన పిల్లిపీచర. నల్లమల అడవి దగ్గరే ఉన్నది గనుక అది మాకు కొత్త కాదు. కానీ బాలింతకు అది పట్టించడానికి చూపే శ్రద్ధలో పదోవంతు ఆమె మనసుమీద చూపము.)

నేటి వైద్యులు కూడా ఈ విషయంలో భిన్నంగా చెప్పడం లేదు. పాలు చేపడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలి. భయం, ఆందోళన, నొప్పి ఉన్నప్పుడు దాని విడుదలకు ఆటంకం కలుగుతుంది. బిడ్డ చప్పరిస్తూనే ఉంటుంది, పాలు దిగవు. "నీకు పాలు లేవు" అని పక్కవారు అనగానే ఆందోళన మరింత పెరుగుతుంది. ఈ చక్రంలో పడి డబ్బా పాలకు మారినవారిని మా వీధిలోనే నేను చూశాను.

మా ప్రాంతంలో డబ్బా పాలకు మారడంలో ఇంకొక నష్టం ఉన్నది. మార్కాపురం, కనిగిరి, పొదిలి వైపు భూగర్భజలాల్లో ఫ్లోరైడు బెడద ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. తాగే నీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీరు దొరకనప్పుడు గరిష్ఠంగా ఒకటిన్నర దాకా ఉండవచ్చుననీ మన దేశ ప్రమాణం. తల్లి తాగే నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్నా ఆమె పాలలోకి దిగేది చాలా స్వల్పం. అదే పాలపొడిని బోరు నీటిలో కలిపితే నీటిలో ఉన్నదంతా బిడ్డ కడుపులోకి పోతుంది. మరగబెడితే ఫ్లోరైడు పోతుందని చాలామంది భ్రమ. పోదు సరికదా, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. కాబట్టి తల్లిపాలు నిలవడం మా ఊళ్ళలో బిడ్డ పళ్ళకూ, ఎముకలకూ రక్ష. ఆ పాలు నిలవడానికి తల్లి మనసు కుదుటపడాలి. పెట్టెలోని చీరకూ, బిడ్డ పళ్ళకూ సంబంధం ఉన్నదంటే మా అత్తమ్మ మొదట నవ్వింది. తరువాత పెట్టె దించింది.

జుట్టు సంగతి

"బిడ్డ నవ్వడం మొదలుపెడితే తల్లి జుట్టు రాలుతుంది" అని కంభంలో మా అవ్వ అనేది. నేను మూఢనమ్మకం అనుకునేదాన్ని. నిజానికి అందులోని లెక్క సరిగానే ఉన్నది. గర్భవతిగా ఉన్నప్పుడు సహజంగా రాలవలసిన వెంట్రుకలు రాలకుండా నిలిచిపోతాయి. కాన్పు తరువాత రెండు మూడు నెలలకు అవన్నీ ఒక్కసారిగా రాలతాయి. పసివాళ్ళు మనిషిని చూసి నవ్వడం నేర్చేదీ ఇంచుమించు అప్పుడే. ఏడాది తిరిగేసరికి చాలామందికి తిరిగి వస్తుంది. ఇది జబ్బు కాదు. వేలు పోసి నూనెలు కొననక్కరలేదు. ఏడాది దాటినా ఆగకపోతే మాత్రం రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులు. కాన్పు తరువాత ఆరు నెలలు (180 రోజులు) రోజుకొక ఐరన్ మాత్ర వేసుకోవాలన్నది ప్రభుత్వ వైద్య విధానం. ఆ మాత్రలు చాలా ఇళ్ళలో గూట్లోనే ఉండిపోతాయి. మా ఇంట్లోనూ ఉండిపోయాయి, దాచడమెందుకు? సజ్జరొట్టె, మునగాకు, వేరుశనగ, బెల్లం మన వైపు పెట్టుపోతలే. తినండి. అవి మాత్రకు తోడు, బదులు కావు.

తలంటుకు మా ఇంట్లో షాంపూ మానేశాము. కారణం మా బోరు నీరు. ఉప్పన. సబ్బు నురగ కట్టక, జుట్టుకు తెల్లటి జిడ్డులా అంటుకుంటుంది. కుంకుడుకాయలోని సాపోనిన్లకు ఆ ఇబ్బంది లేదు, ఉప్పునీటిలోనూ అవి పనిచేస్తాయి. ఎనిమిది కుంకుడుకాయలు చితక్కొట్టి గింజలు తీసి, రాత్రి గోరువెచ్చని నీటిలో వేసి, ఉదయం నాలుగు మందారాకులతో కలిపి పిసికి వడగట్టాలి. కంట్లో పడకుండా జాగ్రత్త! పసిబిడ్డ తలకు ఇది వద్దు.

సున్నిపిండి విషయమై ఒక హెచ్చరిక. మన పెద్దలు పెసరపిండి, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్ళతోపాటు బావంచాలు కూడా వేసి విసిరేవారు. బావంచాలలోని సొరాలెన్ అనే పదార్థం చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది, నల్లమచ్చలు తెప్పించగలదు. మార్కాపురం ఎండలో బావంచాల పిండి రుద్దుకొని మిద్దెమీద బట్టలారేసే పని పెట్టుకోవద్దు. నేను వాటిని తీసివేసి మిగిలినవి మాత్రమే వాడుతున్నాను.

కాటుక మీకు పెట్టుకోండి. బజారు సుర్మాలలో సీసం కలిసి ఉండే ప్రమాదం ఉన్నది కనుక, ఆముదపు దీపం మీద ఇంట్లో పట్టినదైతే మేలు. బిడ్డ కంట్లో మాత్రం ఏ కాటుకా పెట్టకూడదని పిల్లల వైద్యులందరూ చెబుతున్నారు. దిష్టిచుక్క అరికాలికి పెడితే చాలదా?

మల్లెపూలు తలలో పెట్టుకుంటే పాలు తగ్గుతాయని మా వీధిలో ఒకావిడ నన్ను భయపెట్టింది. ఇది సగం తెలిసిన మాట. పాలు ఆపదలచినప్పుడు రొమ్ములకు మల్లెపూలు కట్టే ఆచారం దక్షిణాదిలో ఉన్నది. వేలూరు వైద్యులు దానిని పరీక్షించి, పాలు తగ్గడం నిజమేనని 1988లో ప్రచురించారు కూడా. పూలు రొమ్ములకు కట్టిన సంగతి అది. జడలో తురుముకునే మూరెడు పూలకు దానితో పోలిక లేదు. అయితే ఘాటైన సెంట్లు మానడం మంచిది. పుట్టిన కొద్దిరోజులకే బిడ్డ తల్లిని వాసనతో గుర్తుపడుతుంది. ఆ వాసనను కప్పివేయవద్దు.

కట్టుకునే బట్ట

బాలింతకు నడికట్టు కట్టడం మన ఇళ్ళలో ఉన్నదే. ప్రసవం తరువాత పొట్టకు నెయ్యీ నూనె రాసి వెడల్పాటి వస్త్రం చుట్టాలని చరకుడు చెప్పినాడు. సూతికా నియమాలు నెలా పదిహేను రోజులు పాటించాలని శాస్త్రం. కానీ ఒక తేడా గమనించాలి. ఆ సర్వే ప్రకారమే మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్సతో జరుగుతున్నాయి. కుట్లు ఉన్నవారు డాక్టరును అడగకుండా గుడ్డ బిగించకూడదు. మామూలు కాన్పు అయినవారు కూడా ఊపిరి ఆడేటట్లు, పాత నూలు చీరతో వదులుగా చుట్టుకోవాలి. పొట్ట తగ్గించుకునే తొందరలో ఉక్కిరిబిక్కిరి అయ్యేంత బిగించుకున్నవారిని ఎరుగుదును.

ఇక నైటీ. 2018లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని తోకలపల్లిలో పెద్దలు కూర్చుని, పగటిపూట నైటీ వేసుకొని బయటికి వచ్చే స్త్రీకి రెండు వేల రూపాయల జరిమానా విధించారు. ఆ వార్త దేశమంతా పాకింది. పాలిచ్చే తల్లి అవసరం ఆ పెద్దలలో ఒక్కరికైనా స్ఫురించి ఉంటుందా అని నాకు అప్పుడే అనిపించినది. ముందువైపు తెరిచే వదులైన నూలుబట్ట ఆమెకు అవసరం, ఎవరికీ క్షమాపణ చెప్పుకోనక్కరలేదు. నా ఫిర్యాదు మరొకటి. రాత్రి పడుకున్న నైటీతోనే తెల్లవారి, దానితోనే మధ్యాహ్నమై, దానితోనే మళ్ళీ పడుకోవడం. నేను నెలల తరబడి దాదాపు అలాగే గడిపాను, నైటీకి బదులు ఆ మూడు చీరలు. పొద్దూ మాపూ తేడా తెలియని దినం మనసును కుంగదీస్తుంది. ఉదయం స్నానం తరువాత వేరే బట్ట మార్చడం, అది మరొక నైటీ అయినా సరే, పెదనాన్నగారు నాకు ఇచ్చిన మొదటి చికిత్స. రెండవది, వారానికి ఒకరోజు నాకు నచ్చిన చీర కట్టుకొని బిడ్డను ఎత్తుకొని చెన్నకేశవస్వామి గుడి దాకా నడిచి రావడం. అంతే. మందు పొట్లం ఒక్కటీ ఇవ్వలేదు!

అనుభవం మీద తెలిసిన కొన్ని సూక్ష్మాలు. పాల మరకను మొదట చన్నీళ్ళలో నానబెట్టాలి, వేడినీళ్ళు పోస్తే గట్టిపడి వదలదు. ఇది తెలిస్తే మంచి చీరలను అటకెక్కించే అవసరమే ఉండదు. జాకెట్టు కుట్టించేటప్పుడు లోపల అంగుళం గుడ్డ అదనంగా వదలమని దర్జీకి చెప్పండి. ఒళ్ళు మారినప్పుడల్లా కుట్టు విప్పుకోవచ్చు. ఒళ్ళు మారినది జాకెట్టు తప్పూ కాదు, మీ తప్పూ కాదు. భుజాన పిన్నీసు, వేలాడే జుంకీలు, గాజు గాజులు బిడ్డ చేతికీ కంటికీ ముప్పు. కుంకుమ, కాటుక, పూలు, నచ్చిన రంగు, వీటికి ముప్పు లేదు. మా వారిది పలకల కార్ఖానా. మార్కాపురంలో ఆ పనిచేసే ఇళ్ళలో మగవారు ఆ దుమ్ముబట్టలతోనే బిడ్డను ఎత్తుకుంటారు. పలకల దుమ్ములోని ఇసుకపొడి ఊపిరితిత్తులకు చేటు. బట్ట మార్చే నియమం ముందుగా వారికి పెట్టండి.

తండాలనుంచి మార్కాపురం బజారుకు వచ్చే పెద్దవయసు లంబాడీ స్త్రీలను చూసినప్పుడల్లా నాకొక సంగతి తోస్తుంది. అద్దాలు కుట్టిన రవికె వేసుకొని, మనుమలను చంకనెత్తుకొని బేరాలాడుతుంటారు. తల్లివైనావు, ఆ అద్దాలు తీసెయ్యమని వారికి ఎవరూ చెప్పినట్లు లేదు.

ఒక్క మాట గంభీరంగా చెప్పాలి. చీర మార్చినా, పూలు పెట్టినా తీరని దుఃఖం ఉంటుంది. కాన్పు తరువాత మొదటి పదిరోజులలో కారణం లేని ఏడుపు సామాన్యమే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, నిద్రపట్టకపోయినా, బిడ్డమీద మనసు పోకపోయినా వైద్యుని చూడాలి. తనకో బిడ్డకో హాని చేయాలనే తలపు వస్తే ఆ క్షణమే. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 అనే నంబరుతో ఏ వేళనైనా ఫోను చేసి మాట్లాడవచ్చు. ఇది గాలి సోకడం కాదు, తాయెత్తుతో పోదు.

పదహారేళ్ళ మాట

ఈ వ్యాసం ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. కిందటి వేసవిలో జరిగిన ఒక సంగతి ముగియనివ్వలేదు.

పెదనాన్నగారి కుమారుడు, నాకు అన్నయ్య. ఆయన కూతురు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం పరీక్షలు రాసినది. పదిహేడేళ్ళు. మంచి సంబంధం వచ్చిందనీ, ఈలోగా మాట అనుకొని పద్దెనిమిది నిండగానే చేద్దామనీ ఇంట్లో అనుకుంటున్నారు. ఆ రోజు నేనూ, మా అవ్వా గిద్దలూరులోనే ఉన్నాము. అక్కడా చట్టం మాట ఎత్తాను. పద్దెనిమిదేళ్ళ హద్దు 1978 నుంచీ ఉన్నది. దానిని ఇరవై ఒకటికి పెంచే బిల్లు 2021లో పార్లమెంటుకు వచ్చి, 2024లో లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయినది. అన్నయ్య, "పద్దెనిమిది నిండాకనే కదా చేస్తున్నది?" అన్నాడు. అది చట్టానికి సమాధానం, ఒంటికి కాదు. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ తల్లులతో పోలిస్తే ఇరవై లోపు తల్లులకు గుర్రపువాతం, కాన్పు తరువాతి గర్భాశయపు వాపు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన రాష్ట్రంలో ఆ సర్వేనాటికి 15–19 ఏళ్ళ అమ్మాయిలలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భవతులో.

నేను పెదనాన్నగారివైపు తిరిగి, "సుశ్రుతుడు ఏమన్నాడు పెదనాన్నా?" అని అడిగాను. పదహారేళ్ళు నిండని స్త్రీకీ, పాతికేళ్ళు నిండని పురుషునికీ కలిగిన గర్భం కడుపులోనే నశిస్తుందనీ, పుట్టినా ఎక్కువకాలం బతకదనీ, బతికినా దుర్బలంగా ఉంటుందనీ సుశ్రుతుడు ఆ శారీరస్థానంలోనే చెప్పినాడు. వాగ్భటుడు పురుషునికి ఇరవై అన్నాడు గాని, స్త్రీ విషయంలో పదహారు నిండాలన్న మాట మార్చలేదు. ఆ కాలానికి అది కనీసపు హద్దు. నేటి వైద్యం దానిని ఇంకా ముందుకు జరిపినది. ఈ శ్లోకం పెదనాన్నగారికి కంఠతా వచ్చు. ఆయన పెళ్ళినాటికి మా పెద్దమ్మ వయసు పదిహేను. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు.

ఆయన శ్లోకం చదవలేదు. చాలాసేపు కిటికీలోనుంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయినది.

మాట్లాడినది మా అవ్వ. ఆవిడకు పదమూడవ ఏట పెళ్ళి, పదిహేనవ ఏట మా పెద్దమ్మ. "నాకు పదిహేనేండ్లకే సంకలో బిడ్డ. తెచ్చిన కోక కట్టినా, పెట్టిన గాజులు తొడుక్కున్నా. నాకు ఏ రంగంటే ఇష్టమో అడిగినోళ్ళు లేరు. నేనూ అడుక్కోలా. యాభై దాటినాక కంభం తిరణాలలో ఒకసారి చీరలోడు ఏ రంగు కావాలవ్వా అంటే నాకు నోట మాట రాలా" అన్నది. అన్నయ్య ఏమీ అనలేదు.

ఇరవైలలో తల్లి కావడాన్ని నేను తక్కువ చేయడం లేదు. నాకది సంతోషమే. ఇరవై మూడేళ్ళకు నాకొక చదువు ఉన్నది, నాకు ముదురాకుపచ్చ ఇష్టమనీ, మెరిసే జరీ ఇష్టంలేదనీ తెలుసు. అందువల్లనే ఆ మూడు వెలిసిన చీరలలో నేను ఏమి పోగొట్టుకున్నానో గుర్తుపట్టగలిగాను. రెండవ బిడ్డకు మూడేళ్ళ ఎడం కావాలని నోరు తెరిచి చెప్పగలిగాను. కాన్పు తరువాత మళ్ళీ గర్భానికి కనీసం రెండేళ్ళు ఆగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ మాట పదహారేళ్ళ పిల్ల అత్తవారింట చెప్పగలదా?

ఆ సంబంధం వారికి, ఇప్పుడు కాదని అన్నయ్య వారం తరువాత కబురు చేశాడు. పిల్ల డిగ్రీలో చేరినది. కాలేజీకి వెళ్ళే మొదటిరోజుకు ముందు సాయంత్రం నేను ఫోను చేస్తే, రెండు జతల బట్టలు మంచం మీద పరచుకొని, పసుపుపచ్చదా నీలిదా తేల్చుకోలేక కూర్చున్నదట. అన్నం తినమని పెద్దమ్మ పిలుస్తున్నా వినిపించుకోవడం లేదని, పెదనాన్నగారు ఫోనులో నవ్వుతూ చెప్పారు.